అరువు కరివేపాకు

సత్యనారాయణపురంలో మా ఇంటి పెరడు మూడు మంచాలు వేస్తే నిండిపోతుంది. అందులో ఒక నిమ్మ, ఒక మందార, నా నడుము ఎత్తు కరివేపాకు. పిట్టలూ పురుగులూ లేని పెరడు పెరడే కాదన్న జ్ఞానం ఈ వేసవిలో నాకు కలిగింది. పురుగుమందు డబ్బాను అటక ఎక్కించాను. పిచ్చుకల కోసం చూరుకు వరికంకుల కుచ్చు కట్టాను. ఉడుత వచ్చి ఒక్క పూటలో గింజలన్నీ ఒలుచుకుని, కుచ్చు దారం కూడా పట్టుకుపోయింది. మూకుడులో నీళ్ళు పెడితే కాకి ఎక్కడిదో ఎండురొట్టె తెచ్చి అందులో నానబెట్టుకుంది.

మాట నిలబెట్టినవి సీతాకోకచిలుకలే. శ్రావణం రాగానే నలుపు మీద పసుపు మచ్చలున్నది ఒకటి వచ్చి, కరివేపాకు లేత చిగుళ్ళ మీద ఒక్కొక్కటిగా గుడ్లు పెట్టి పోయింది. నిమ్మ, మారేడు, కరివేపాకు ఒకే కుటుంబం కనుక దాని పిల్లలకు ఏదైనా ఒకటే. పక్కనే నిమ్మచెట్టు ఉండగా కరివేపాకే ఎందుకని మా ఆవిడ అడిగింది. అడగవలసింది నన్ను కాదు.

పిల్లపురుగులు అచ్చం పిట్టరెట్టలా ఉంటాయి. వాటి వేషానికి మా ఆవిడ కూడా మోసపోయి, ఆ రెమ్మల జోలికి వెళ్ళలేదు. తర్వాత అవి పచ్చబడి చిటికెన వేలంత అయ్యాయి. ఆకులో ఆకుగా కలిసిపోయాయి.

వరలక్ష్మీ వ్రతం నాడు చీకటితోనే, పొయ్యి మీద పోపు పెట్టి, పులిహోరకని రెమ్మ తుంచబోయింది. చెయ్యి తగలగానే ఆ పచ్చటి ప్రాణి తల వెనుక నుంచి నారింజరంగు కొమ్ములు రెండు పైకి లేచాయి. వాటితోపాటు మురిగిన నిమ్మకాయ లాంటి కంపు. కేక విని నేను పరుగెత్తేలోగా లోపల ఆవాలు మాడాయి, ఇంగువ మాడింది.

"ఏమండీ, ఈ ఇంటికి లక్ష్మీదేవి రావాలా, ఇవి ఉండాలా?"

లెక్కపెడితే పదకొండు ఉన్నాయి. చెట్టుకు ఈనెలే మిగిలాయి. నిమ్మ మీదికి మార్చాను. కొత్త అల్లుళ్ళలా మూతి తిప్పుకుని, నడిచి మళ్ళీ కరివేపాకు మోడుకే చేరాయి. ఇక చేసేది లేక పక్కింటి పిన్నిగారి గుమ్మం ఎక్కాను. పొద్దున పులిహోరకు రెండు రెమ్మలు, సాయంత్రం వీటికి నాలుగు, మర్నాడు ఎనిమిది. తెచ్చినవి నీళ్ళ సీసాలో గుచ్చి పెడితే తెల్లారేసరికి పుల్లలు మిగిలేవి.

మూడో రోజు పిన్నిగారు అడిగారు. "ఏం నాయనా, పెళ్ళివంటలా?"

"లేదండీ... కరివేపాకు పొడి."

"జుట్టుకు మంచిదే" అంటూ ఆవిడ నా బట్టతల వైపు జాలిగా చూసి, అడగకుండానే ఇంకో గుప్పెడు కోసి ఇచ్చారు.

కడుపు నిండాక ఎటువాళ్ళు అటు వెళ్ళారు. ఒకటి మాత్రం పెరటి తలుపు గడియకు అంటుకుని, తాటిచెట్టెక్కే గీతకార్మికుడు మోకు కట్టుకున్నట్టు నడుము చుట్టూ పట్టుదారం బిగించుకుని నిద్రపోయింది. అది లేచేదాకా ఆ తలుపు తీయలేదు. అంట్లు తోమే ఆమె గిన్నెలన్నీ వీధి గుమ్మంలోంచి సందు చుట్టూ తిప్పి పెరట్లోకి మోసింది. నాకు వినపడేలా ఏదో అంటూనే మోసింది.

అది ఎగిరిపోయిన రెండు రోజులకు గోడ మీదుగా పిలుపు వచ్చింది.

"నాయనా, ఇటు చూడు! మా కరివేపాకు మీద ఎంత ముచ్చటైన సీతాకోకచిలుక వాలిందో. ఆకు ఆకుకూ ఆగి ముద్దు పెట్టుకుంటోంది. మీ పెరట్లోకి రావా ఇలాంటివి?"

"అప్పుడప్పుడూ వస్తాయండీ" అన్నాను.

లోపల మా ఆవిడ దగ్గింది.