‘తీసేస్తే పోతది’ గారికి

మహారాజశ్రీ ‘తీసేస్తే పోతది’ గారికి నమస్కారాలు.

పోయిన వారం నల్లగొండలో మీ దర్శనమైంది. మా వదినకు బ్లీడింగ్ ఎక్కువైతోందని చూపించడానికి పోయాం. పొద్దున్నుంచి బెంచీ మీద కూర్చోబెట్టి, మధ్యాహ్నానికి లోపలికి పిలిచారు. రెండు నిమిషాల్లో డాక్టరమ్మ నోట మీరు ఊడిపడ్డారు. "ఇద్దరు పిల్లలున్నరు కదా, ఇంక గర్భసంచితో పనేముంది? తీసేస్తే పోతది." చెప్పింది వదినకు కాదు, అన్నకు. చీటీ వెనకాలే ప్యాకేజీ లెక్క వేసి, స్పెషల్ రూమ్ రేటు కింద గీత కూడా గీసి ఇచ్చారు. వదినకు 34 ఏళ్ళు. ఆమెను ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు.

మీది పాత వంశమేలెండి. గర్భసంచి ఒంట్లో అటూ ఇటూ తిరిగి రోగాలు తెస్తుందని గ్రీకులు నమ్మారు. ఆ నమ్మకంలోంచే హిస్టీరియా పుట్టింది. అమెరికా మానసిక వైద్యుల జాబితాలోంచి ఆ జబ్బు పేరు పోయేసరికి 1980 వచ్చింది. మా దగ్గర గాలి సోకిందనేవాళ్ళు. ప్యాడ్లు నల్ల కవర్లో చుట్టిచ్చే మెడికల్ షాపాయన మీకు మేనబావ వరస అవుతాడనుకుంటా.

మీకు ఏజెంట్లు కూడా అక్కర్లేదు. తెల్లబట్ట అవుతోందని ఆడది అత్తకు చెప్పదు, మొగుడికి చెప్పదు. పత్తి చేలో పక్క సాలు ఆమెకు చెబుతుంది. ఆమె అప్పటికే మీ భక్తురాలు. "నాకూ గట్లనే ఉండె, తీసేసిన్రు." ఆపైన "క్యాన్సర్ అయితది" అని ఎవరో ఒకరంటే చాలు, పుస్తెలతాడు బ్యాంకుకు పోతుంది.

అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు గుల్లబారతాయని, గుండెజబ్బు ముప్పు పెరుగుతుందని ఆ చీటీ మీద ఎందుకు రాయరు? ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నడుములు వంగిపోయిన జిల్లా ఇది! అక్కర్లేని ఈ ఆపరేషన్లను అడ్డుకునే మార్గదర్శకాలు అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఆ కాగితానికి ఢిల్లీలో బస్సు దొరకలేదేమో.

వేరే డాక్టరుకు చూపించాం. చిన్న కంతి, మందులు వాడి మూడు నెలలకు రమ్మన్నారు. ఆపరేషన్ తప్పనివాళ్ళుంటారు, కాదనను. కానీ పనేముందని తేల్చడానికి నువ్వెవరివి? అంత ధైర్యమే ఉంటే, ఇద్దరు పిల్లలు పుట్టాక మొగోళ్ళ సామాను గురించి కూడా ఈ మాట ఒక్కసారి అని చూడు.