తీరాన్ని మరచిన ప్రణాళిక

వాతావరణ మార్పులపై జాతీయ కార్యాచరణ ప్రణాళికను 2008 జూన్ 30న నాటి ప్రధాని మన్మోహన్‌సింగ్ విడుదల చేశారు. అందులోని ఎనిమిది మిషన్లలో హిమాలయాలకు ప్రత్యేకంగా ఒకటి దక్కింది. వేల కిలోమీటర్ల సముద్రతీరానికి ఒక్కటీ దక్కలేదు. హిమానీనదాల మీద శ్రద్ధను ఎవరూ తప్పుపట్టరు. కానీ కాకినాడ జిల్లా ఉప్పాడలో ఇళ్లూ, కొబ్బరిచెట్లూ, బీచ్ రోడ్డూ ఏటేటా కోతకు గురవుతుంటే, రాళ్లు పోసినా, జియో ట్యూబులు (ఇసుక నింపిన భారీ గొట్టపు సంచులు) పరిచినా సముద్రం ఆగకపోతుంటే, అక్కడి మత్స్యకారుల గోడు ఢిల్లీ రచించిన ప్రణాళికలోకి రాకపోవడానికి కారణం ఒక్కటే: వారిని అడిగినవారు లేరు.

దేశంలో వాతావరణ మార్పులపై సమగ్ర చట్టమంటూ ఏదీ లేదని 2024 మార్చిలో సుప్రీంకోర్టు ప్రస్తావించింది. బట్టమేక పిట్టల రక్షణకు, సౌరవిద్యుత్ లైన్లకు మధ్య తలెత్తిన ఆ వివాదంలోనే, వాతావరణ మార్పుల దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల (సమానత్వం, జీవించే హక్కు) కింద పౌరుల హక్కని కూడా తేల్చింది. హక్కుదారులు పౌరులే అయినప్పుడు, విధాన రచనలో వారిని సంప్రదించడం ప్రభుత్వం దయతో చేసే పని కాబోదు.

సంప్రదింపుల పేరిట ఇంతవరకు జరిగినదేమిటో 2020 నాటి పర్యావరణ ప్రభావ మదింపు (ప్రాజెక్టులకు అనుమతిచ్చే ముందు పర్యావరణానికి జరిగే హానిని అంచనా వేయడం) ముసాయిదా చాటింది. అభిప్రాయాలు చెప్పమంటూనే దాన్ని ఇంగ్లిష్, హిందీల్లో మాత్రమే ప్రజల ముందు పెట్టారు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకి అనువదించాలని ఢిల్లీ హైకోర్టు ఆదేశిస్తే, పాటించడానికి బదులు కేంద్రం సుప్రీంకోర్టు గడప తొక్కింది! చట్టాల ముసాయిదాలను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచి, వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని కూడా వెల్లడించాలని 2014లో కేంద్రమే నియమం పెట్టుకుంది. వాతావరణ విధానానికీ ఆ నియమాన్ని వర్తింపజేయాలి. అయితే వెబ్‌సైట్లో పెట్టి, ఈమెయిల్ చిరునామా ఇచ్చి చేతులు దులుపుకుంటే పరిశ్రమల సంఘాలు, సలహా సంస్థలు మాత్రమే స్పందిస్తాయి.

కౌలు రైతు సంగతే చూడండి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల వద్ద తీరం దాటినప్పుడు వరి కోతల దశలో ఉంది. కోసి వేసిన పనలు నీట నానాయి, నిలిచిన చేలు నేలవాలాయి. పెట్టుబడీ నష్టమూ కౌలుదారువి, పట్టాదారు పాసు పుస్తకం యజమానిది. పంట సాగుదారు హక్కుల పత్రం పొందాలన్నా యజమాని ఒప్పుకోవాలి. పరిహారం, బీమా, పంట రుణం అన్నీ ఆ ఒక్క కాగితం దగ్గరే ఆగుతున్నాయని కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఏ కౌలు రైతును కదిపినా చెబుతాడు. ఉపగ్రహ చిత్రాల్లో ముంపు విస్తీర్ణం కనిపిస్తుంది గానీ నష్టపోయినవాడు ఎవరో కనిపించదు. విపత్తులను తట్టుకునే వ్యవసాయం గురించి పేజీలకు పేజీలు రాసి కౌలుదారుల ఊసెత్తని విధానం డెల్టాలో ఎవరికి పనికొస్తుంది?

అడగడానికీ ఒక అదను ఉంటుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం అమల్లో ఉంటుంది. ఆ రోజుల్లో పడవలు ఒడ్డునే ఉంటాయి, మత్స్యకారులు ఊళ్లో దొరుకుతారు. మెట్ట రైతుకు సైతం తొలకరి దాకా కొంత తీరిక. గ్రామసభలు పెట్టదలిస్తే అప్పుడే, అదీ ఎండ తగ్గాక సాయంత్రం వేళ పెట్టాలి. 2015 మే నెల వడగాడ్పులు తెలుగు రాష్ట్రాల్లో వందలాది మందిని బలిగొన్నాయి. ఎండలో పనిచేయక తప్పని ఉపాధి కూలీలను, భవన నిర్మాణ కార్మికులను పనివేళల మార్పు గురించి, నీడ గురించి, పని మానితే పోయే కూలి గురించి నేరుగా అడగాలి. జిల్లా కేంద్రంలో ఏసీ హాల్లో ఒక పూట సదస్సు దీనికి ప్రత్యామ్నాయం కాదు.

ఉద్గారాల తీవ్రతను (జీడీపీలో ప్రతి రూపాయికీ వెలువడే ఉద్గారాలను) 2005తో పోల్చితే 2030 నాటికి 45 శాతం తగ్గించడం, 2070కి నికర శూన్య ఉద్గారాలు (విడిచినంతా తిరిగి తొలగించే స్థితి) సాధించడం ఇప్పటికే ప్రపంచానికి మనమిచ్చిన మాటలు. ఆ భారాన్ని ఎవరు ఎంత మోయాలన్నది దేశంలోపల తేలవలసి ఉంది. వాతావరణ విధానంపై కేంద్రం తెచ్చే ఏ కొత్త ముసాయిదానైనా తెలుగు సహా అన్ని షెడ్యూలు భాషల్లో ఒకేరోజు వెలువరించాలి. జిల్లాలవారీగా వచ్చిన సూచనల్లో వేటిని స్వీకరించారో, వేటిని ఏ కారణంతో తోసిపుచ్చారో తుది పత్రానికి అనుబంధంగా ప్రచురించాలి. అప్పుడు ఉప్పాడ చెప్పినదానికి ఢిల్లీ ఏమని జవాబిచ్చిందో ఉప్పాడ చదువుకోగలుగుతుంది.