శివుడు ఫ్రేములో పట్టలేదు

మా అపార్ట్‌మెంట్‌లో ఏ ఇంటికెళ్లినా సోఫా వెనక గోడమీద ఏడు తెల్లగుర్రాలు పరుగెడుతూ ఉంటాయి. అవే గుర్రాలు, వెనక అదే సూర్యుడు. అందుకని మా ఆవిడ తీర్మానం చేసింది: మన ఇంట్లో ప్రింటు వద్దు. మనిషి చేత్తో వేసిన బొమ్మ ఒక్కటి కావాలి, అది ఇద్దరికీ నచ్చాలి, దానికి ఈఎంఐ కట్టకూడదు.

ఈ మూడూ ఒకచోట కుదరడం పెళ్లి సంబంధం కుదరడం కన్నా కష్టం. తోట వైకుంఠం గారి బొమ్మల్లో నిండు బొట్టు పెట్టుకున్న తెలంగాణ ఆడవాళ్లు ఇద్దరికీ తెగ నచ్చేశారు. కానీ ఆయన ఒరిజినల్ అంటే లక్షల్లో మాట. అంత డబ్బే ఉంటే ముందు గోడ కొనుక్కోవాలి, మాది అద్దె ఇల్లు. శ్రీకాళహస్తి కలంకారీ చూద్దామని వెళ్తే మా ఆవిడ గుడ్డని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. కరక్కాయ కలిపిన పాలల్లో ముంచిన గుడ్డ కాబట్టి అసలుదైతే వాసన వేస్తుందని ఎక్కడో చదివిందట. కొట్టతను కంగారుపడి, “శుభ్రంగా ఉందమ్మా, ఏ వాసనా రాదు” అని హామీ ఇచ్చాడు. అంతే, ఆ బేరం అక్కడే పోయింది.

చివరికి శిల్పారామంలో చేర్యాల నకాషీ పటం దొరికింది. ఎర్రటి నేలమీద మార్కండేయుడి కథ, పైనుంచి కిందికి నాలుగు గళ్లలో. పై గడిలో పిల్లల కోసం తపస్సు చేస్తున్న మృకండు దంపతులు, తర్వాత శివపూజలో కుర్రాడు, మూడో గడిలో దున్నపోతు మీద పాశం విసురుతున్న యముడు, నాలుగో గడిలో లింగంలోంచి ఉగ్రంగా బయటికొచ్చిన శివుడు. వేసినాయనే అమ్ముతున్నాడు. ఖద్దరు గుడ్డకి గంజి, సుద్దమట్టి, చింతగింజల పిండి పట్టించి ఆరబెట్టాక గానీ రంగు వెయ్యరని చెప్పి, డబ్బు తీసుకుంటూ ఒక్క మాట అన్నాడు: “చుట్టొచ్చు సార్, మడవొద్దు.” 4,500 రూపాయలు. బేరం ఆడబోతే మా ఆవిడ నా కాలు తొక్కింది.

ఫ్రేము కట్టే అతను 3,800 అన్నాడు. బొమ్మకీ చెక్కకీ అంత దగ్గర రేటేమిటని అడిగితే “ఇది టేకు సార్” అన్నాడు.

మా ఓనరు హాల్లో ఒక్క మేకుకే పర్మిషన్ ఇచ్చాడు. ఫ్రేము అంచు బంగారు రంగుకి బదులు నల్లది చేయించాల్సిందని నేను, కాదని ఆవిడ వాదించుకుంటూనే దానికి పటం తగిలించాం. ఆదివారం మా అత్తయ్య వచ్చింది. చెప్పులు విప్పుతూ తలెత్తి, అక్కడే ఆగిపోయింది.

“ఏమే, గుమ్మానికెదురుగా యముణ్ణి పెట్టుకున్నారేమే?”

“యముడొక్కడే కాదమ్మా, కింద శివుడు...” అంటూ మా ఆవిడ వేలు చూపించబోయింది. వేలు చూపించిన చోట టేకు చెక్క ఉంది.

మూడు గళ్లే ఉన్నాయి. యముడు పాశం విసిరాడు, కథ అయిపోయింది. పైగా ఆ పాశం వచ్చి వచ్చి సరిగ్గా సోఫాలో కూర్చున్నవాళ్ల నడినెత్తి మీద ఆగుతోంది. అత్తయ్య ఆ సోఫాలో కూర్చోనంది. కాఫీ వంటింట్లో నిలబడే తాగింది.

పటం చంకన పెట్టుకుని ఫ్రేము కొట్టుకి పరుగెత్తాం.

“స్టాండర్డ్ సైజులో పట్టలేదు సార్, బార్డర్ దగ్గర నీట్‌గా మడిచా. ఎవరికీ తెలీదు.”

“కింద శివుడున్నాడు కదయ్యా!”

“ఉన్నాడు సార్, ఎక్కడికి పోతాడు? వెనకాలే ఉన్నాడు.”

ఫ్రేము వెనక అట్ట ఊడదీసి చూస్తే నిజంగానే ఉన్నాడు, జిగురుతో గట్టిగా అంటుకుని, తలకిందులుగా. విప్పబోతే మడత దగ్గర రంగు పెచ్చులూడడం మొదలెట్టింది. మా ఆవిడ కేకకి పక్క జిరాక్స్ షాపువాళ్లు కూడా వచ్చారు. తలా ఒక సలహా ఇచ్చాక, మడత మీదుగా కోసి శివుడికి వేరే ఫ్రేము కట్టడమే మార్గమని తేలింది. దానికి ఇంకో 1,400. సగం తగ్గించమంటే, “శివుడికి కూడా టేకే సార్” అన్నాడు.

రెండో మేకు కోసం ఓనరుకి ఫోన్ చేశాను. గోడ పాడవుతుంది, కుదరదన్నాడు. దాంతో శివుడు వంటింట్లో, క్యాలెండర్ మేకుకి, పోపులడబ్బా పైన వెలిశాడు. హాల్లో యముడు ఒంటరిగా డ్యూటీ చేస్తున్నాడు. వచ్చినవాళ్లందరికీ “మిగతా కథ వంటింట్లో ఉందండీ” అని చెప్పి లోపలికి తీసుకెళ్లాల్సి వస్తోంది. గిన్నెలు తోమకుండా ఎవర్నీ పిలవలేకపోతున్నాం.

ఒకటో తారీఖున అద్దె కోసం ఓనరు వచ్చాడు. సోఫాలో వెనక్కి వాలి, మంచినీళ్లు తాగుతూ తల పైకెత్తాడు. పాశం వంక చూశాడు. గ్లాసు కింద పెట్టి, మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకి జరిగాడు.

“ఆ రెండో మేకు,” అన్నాడు, “ఇవాళే కొట్టించెయ్యండి. డ్రిల్లు మా ఇంట్లో ఉంది, పంపిస్తా.”