నారింజ రంగు గ్రేవీ గారికి ఒక బహిరంగ లేఖ

కర్నూలు.

మహారాజశ్రీ నారింజ రంగు గ్రేవీ గారి దివ్యసముఖమునకు,

మా కాలనీ మలుపులోని నార్త్ ఇండియన్ ఫ్యామిలీ రెస్టారెంటుకు ఇంటిల్లిపాదితో వచ్చి వెళ్ళే ఒక గృహస్థుడు నమస్కరించి వ్రాసుకొనునది. ఇచ్చట అందరమూ క్షేమము. తమరి క్షేమం మెనూ కార్డు చూస్తేనే తెలుస్తున్నది. ధర మళ్ళీ పెరిగింది.

పనీర్ బటర్ మసాలా అని పిలిచినా తమరే వస్తున్నారు, కడాయి పనీర్ అన్నా తమరే వస్తున్నారు; వెజ్ కొల్హాపురి, మష్రూమ్ మసాలా, ఆలూ మటర్, కాజూ కర్రీ, ఏ పేరు పెట్టి పిలిచినా పలుకుతున్నారు. విష్ణుమూర్తి పది అవతారాలతో ఆగాడు గాని, తమరు మెనూలో నాలుగో పేజీ దాటినా ఆగలేదు.

తమరి పుట్టుక పెద్ద రహస్యమేమీ కాదు. ఉదయం పూట ఉల్లిపాయలు, టమాటాలు, అల్లం, వెల్లుల్లి, కాసిని జీడిపప్పులు (జీడిపప్పు ధర మండిపోతున్నప్పుడు పుచ్చగింజలు) ఒకే గిన్నెలో ఉడికించి, మెత్తగా రుబ్బి, వడగట్టి సిద్ధంగా ఉంచుతారు. సాయంత్రం ఆర్డరు రాగానే మాస్టరు ఒక గరిటెడు తమరిని పెనంలో పోసి, వెన్నా మీగడా కలిపి కసూరి మేథీ నలిపి చల్లితే బటర్ మసాలా అని, క్యాప్సికం, ఉల్లి పెద్ద ముక్కలుగా వేసి దంచిన ధనియాలు చల్లితే కడాయి అని, కారం కాస్త చెయ్యి జారితే కొల్హాపురి అని నామకరణం చేసి పంపుతాడు. ఇందులో మాస్టరు తప్పేమీ లేదు. ప్రతి వంటకూ వేరే పోపు పెడుతూ కూర్చుంటే రాత్రి పదకొండుకు గాని మొదటి టేబులుకు భోజనం చేరదు. నా అభ్యంతరమల్లా, వంటింట్లో పని సులువు చేసుకున్నవారు మెనూలో అంత గొప్ప వంశచరిత్ర ఎందుకు అచ్చు వేయించారన్నదే.

అందులో తమరిని ‘షాహీ’ అన్నారు, ‘మొఘలాయీ’ అన్నారు, కోట బొమ్మ కూడా వేశారు. టమాటా అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు వారి ఓడలెక్కి మన దేశానికి దిగిన పంట. బాబరు గాని అక్బరు గాని దాని పులుపు ఎరుగరు. తమరి అసలు కథ అంతకంటే గౌరవప్రదమైనది. 1947 దేశ విభజనలో పెషావరు నుంచి ఢిల్లీకి తరలివచ్చినవారు దరియాగంజ్‌లో మోతీ మహల్ అనే హోటలు నడిపారనీ, తందూరులో కాల్చిన కోడి ఎండిపోకుండా టమాటా, వెన్న, మీగడలతో చేసిన గ్రేవీలో వేస్తే అది బటర్ చికెన్ అయిందనీ చెబుతారు. ఆ గ్రేవీ మొదట కలిపిన చెయ్యి కుందన్‌లాల్ గుజ్రాల్‌దా, ఆయన భాగస్వామి కుందన్‌లాల్ జగ్గీదా అన్న తగవు 2024లో ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కింది. తండ్రినని చెప్పుకోవడానికి ఇన్ని కుటుంబాలు పోటీ పడుతుండగా, అక్బరును తాతగా చూపించుకోవలసిన అగత్యం తమరికేమి వచ్చింది?

ఉత్తరాది తిండితో మాకు పేచీ ఏమీ లేదని ఇక్కడే మనవి చేస్తున్నాను. శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి పోయే 44వ నంబరు జాతీయ రహదారి మా ఊరిని ఒరుసుకుంటూ పోతుంది. లారీ డ్రైవర్ల కోసం వెలిసిన ఢాబాల్లో నులక మంచం మీద కూర్చుని పప్పూ రొట్టే తిన్నవాళ్ళం మేము. ఆ పప్పు తాను పప్పునని తప్ప మరేమీ చెప్పుకోలేదు.

పైగా తమరి ఒంట్లో పారేది ఢిల్లీ రక్తం కాదు, మా జిల్లా పత్తికొండ టమాటా. ఆ పత్తికొండ మార్కెట్లో కిలో రూపాయికి పడిపోయి, రైతులు కూలి ఖర్చులు కూడా రాక పంటను రోడ్డు పక్కన పారబోసిన కాలంలో తమరి ధర ఒక్క పైసా తగ్గలేదు. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటినప్పుడు మాత్రం మెనూలో పాత ధరల మీద తెల్లకాగితం ముక్కలు అంటించి కొత్త ధరలు వ్రాశారు. ఆ జిగురు ఎక్కడ కొన్నారో గాని, నేటికీ ఊడలేదు.

ఇక టేబులు దగ్గర జరిగేది వినండి. మా బావమరిది కుటుంబమూ మేమూ కలిసి వచ్చినప్పుడు, ‘అందరం ఒకటే చెప్పుకుంటే ఏం బాగుంటుంది, తలా ఒకటి చెప్పుకుని పంచుకుందాం’ అని మా వదిన ప్రతిపాదిస్తుంది. అరగంట చర్చించి, పిల్లలను బుజ్జగించి, నాలుగు రకాలు ఎంచుతాం. సర్వరు వచ్చి, ఎర్రకారం పూసిన దోసె తిని పెరిగిన మనుషులను ‘స్పైసీనా, మీడియమా?’ అని అడిగి, ఏ జవాబు చెప్పినా శ్రద్ధగా వ్రాసుకుపోతాడు. ఆపైన నాలుగు గిన్నెల్లోనూ తమరే వేంచేస్తారు. మూతలు తీసిన తరువాత ఏది ఎవరిదో చెప్పడానికి సర్వరు కూడా ముక్కల వంక చూసుకోవలసిందే. కాశ్మీరీ మిరపపొడి చలువ వల్ల రంగు చూస్తే చెమట పట్టాలి, తింటే ముక్కు కూడా తడవదు. మా మామగారు పచ్చిమిరపకాయలు తెప్పించుకుని, మాట్లాడకుండా కొరుక్కుంటూ, ఇంట్లో జొన్నరొట్టెలోకి నూరిన ఊరిబిండి పచ్చడి ఇంకా మిగిలి ఉందా అని మా అత్తగారిని రెండుసార్లు అడుగుతారు.

పనీరు ముక్కల సంగతి మరీ సున్నితమైనది. గిన్నెలో తమరు సమృద్ధిగా ఉంటారు, వారు మాత్రం ఆరుగురే ఉంటారు. టేబులు చుట్టూ ఎనిమిది మందిమి. ఆఖరి ముక్కను ‘మీరు తీసుకోండి’, ‘అయ్యో, పిల్లలకు వేయండి’ అంటూ అందరమూ వద్దనుకుంటుండగా, అది చల్లారి, చివరకు ఎవరూ తినకుండానే బిల్లులోకి చేరి, 5 శాతం జి.ఎస్.టి. కూడా కట్టించుకుంటుంది.

అయినా పిల్ల పరీక్ష పాసైతే ఇక్కడికే, పెళ్ళిచూపుల వాళ్ళు ఒప్పుకుంటే ఇక్కడికే. బొరుగులతో చేసే మా ఉగ్గాని, బజ్జీ తినిపించి పార్టీ ఇచ్చానంటే మా ఆఫీసులో ఎవరూ ఒప్పుకోరు. ఈ మర్యాదను తమరు కష్టపడి సంపాదించలేదు, మేమే తెచ్చి చేతిలో పెట్టాం.

కనుక వేడుకొనునది ఏమనగా, గిన్నెలో ఎన్ని ముక్కలు వస్తాయో ధర పక్కన అచ్చు వేయించండి. రెండు గిన్నెలు తెప్పించుకున్నవారికి రెండోదాంట్లో వేరే రుచి కనీసం పేరుకైనా కలపమని మాస్టరుకు చెప్పండి. కోట బొమ్మ తీసేసి పత్తికొండ పేరు వేస్తే మరీ సంతోషం. ప్రత్యుత్తరం వ్రాయదలిస్తే సర్వరు చేత నోటిమాటగా పంపండి. మెనూ కార్డు మీద మాత్రం వ్రాయవద్దు, దాని మీద తమరు వ్రాసింది ఏదీ మేము నమ్మే స్థితిలో లేము.

ఇట్లు,
తమరి పాత ఖాతాదారుడు,
ఫ్యాను కింది టేబులు.