భద్రమైన పెట్టుబడి ఉంది, బహుపరాక్!

తెల్లారేసరికి డబ్బు రెట్టింపవుతుందని క్రిప్టో కాయిన్ల వెంట పరిగెత్తేవాళ్ల గురించి ఇప్పటికే చాలామంది మేధావులు కంటతడి పెట్టారు. ఆ బాధ్యత వాళ్లకే వదిలేద్దాం. అంతకంటే ఘోరమైన, ఎవరూ నోరెత్తని ఒక ప్రమాదం గురించి సమాజాన్ని మేల్కొలపడం నా కర్తవ్యం. దాని పేరు స్వల్పకాలిక ప్రభుత్వ బాండ్ల ఈటీఎఫ్.

అదేమిటో తెలియని అదృష్టవంతుల కోసం రెండు ముక్కలు. ప్రభుత్వానికి డబ్బు అవసరమవుతుంది. ఎప్పుడు అని అడక్కండి, ఎప్పుడూ అవసరమే. మూడు నెలల్లోనో, ఏడాదిలోనో, రెండేళ్లలోనో తీరుస్తానని కాగితం రాసిస్తుంది, అదే బాండు. అలాంటి కాగితాలన్నీ ఒక బుట్టలో వేసి, ఆ బుట్టలో వాటాలను షేర్లలాగా స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో అమ్ముతారు. ఆ బుట్టే ఈటీఎఫ్. కొన్నాక మనం చేయాల్సింది ఏమీ లేదు. అసలు గండం అక్కడే ఉంది. ఏమీ చేయకుండా కూర్చోవడం మనిషికి చేతకాదు. నాకు మరీ చేతకాదు.

ఈ కాగితాల్లో నెలల్లోనే గడువు తీరేవాటిని బిల్లులంటారు. నేను కొన్నది అలాంటి నెలల వ్యవధి బిల్లుల బుట్ట, అంటే ఫండ్. మొదటి నెలంతా యూనిట్ ధర చీమ నడకలా రోజుకింత పైకి పాకింది. గ్రాఫ్ చూస్తే స్కేలు పెట్టి గీసినట్టుంది. ఆ గీత చూసి నాకు నేనే పెద్ద ఆర్థికవేత్తలా కనిపించాను. మరుసటి నెల మొదట్లో ఒక ఉదయం యాప్ తెరిస్తే, నెలంతా ఎక్కినది మొత్తం ఒక్క దెబ్బకు దిగిపోయి ఉంది. అదీ ఎర్ర రంగులో! ప్రభుత్వం గానీ పడిపోయిందా అని వార్తలు తిరగేశాను. ఎక్కడా పడిపోలేదు. మనకు చెప్పకుండా దాస్తున్నారన్నమాట. వెంటనే అమ్మేశాను.

కొన్ని రోజులకు ఖాతాలో కొంత డబ్బు పడింది. లెక్క చూస్తే, ఆ ఉదయం మాయమైన మొత్తం అదే. దాన్ని డివిడెండ్ అంటారట. ఫండ్‌లో పోగైన వడ్డీని నెలనెలా పంచుతారు, పంచే వడ్డీ మేరకు ఆ తేదీన ధర తగ్గుతుంది. ఎడమ జేబులోది కుడి జేబులోకి వస్తుంటే దొంగలు పడ్డారని అరిచాను నేను. మళ్లీ కొన్నాను. అమ్మేటప్పుడు ఒక ధర, కొనేటప్పుడు కాస్త ఎక్కువ ధర, రెండుసార్లూ బ్రోకరేజీ. నెలంతా చీమ మోసుకొచ్చింది బ్రోకరు నోట్లో పోశాను. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. మీరూ చెప్పకండి.

సరే, ఇది నా తెలివితక్కువతనమే అనుకుందాం. ఫండ్ మాత్రం ఏమంత పత్తిత్తు? వడ్డీ మీద బతికే ఈ ప్రాణి, వడ్డీ రేట్లు పెరిగితే సంతోషించాలా వద్దా? దీని ధర తగ్గుతుంది! బుట్టలో ఉన్నవి పాత వడ్డీ కాగితాలు. బయట ఎక్కువ వడ్డీకి కొత్తవి దొరుకుతుంటే పాతవాటిని తగ్గించి ఇస్తే తప్ప ఎవరూ ముట్టుకోరు. ఎంత తగ్గుతుందో చెప్పే కొలతే డ్యూరేషన్. అది 2 ఉంటే, రేట్లు ఒక శాతం పెరిగినప్పుడు ధర సుమారు రెండు శాతం జారుతుంది. 2022లో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్) సున్నా దగ్గరున్న వడ్డీ రేటును ఏడాది చివరికి 4.25–4.5 శాతానికి ఎక్కించింది. ఒకటి నుంచి మూడేళ్ల ట్రెజరీ బాండ్ల (అమెరికా ప్రభుత్వ బాండ్ల) ఫండ్లు ఆ ఏడాది దాదాపు నాలుగు శాతం నష్టపోయాయి. ఇరవై ఏళ్లు దాటిన బాండ్ల ఫండ్లకు పోయింది ముప్పై శాతం పైనే. ఒకరు గడప తట్టుకుని పడ్డారు, ఇంకొకరు మేడ మీద నుంచి పడ్డారు. నెలల వ్యవధి బిల్లుల ఫండ్లు మాత్రం లాభంతోనే బయటపడ్డాయి. ఇక్కడ మూడు నెలలూ స్వల్పకాలమే, మూడేళ్లూ స్వల్పకాలమే. పెట్టె మీద పేరు చూసి మురిసిపోయేవాడు లోపల ఏముందో ఎందుకు చూస్తాడు?

విడిగా ఒక బాండు కొంటే గడువు దాకా కళ్లు మూసుకోవచ్చు, రాసిచ్చినంతా చేతికొస్తుంది. ఈ ఫండ్‌కు గడువే లేదు. బుట్టలో ముదిరిన కాగితం తీసేసి లేతది వేస్తూనే ఉంటారు. ఆ కొత్తదానికి ఆ రోజున ఏ వడ్డీ దొరికితే అదే మన ప్రాప్తం. 2020 మార్చిలో ఫెడ్ రేటును మళ్లీ సున్నా దగ్గరికి దించాక బిల్లుల మీద రాబడి నేలకు ఆనింది. ఫండ్ నిర్వహణ ఖర్చు తీసేస్తే మిగిలింది సున్నాకు ఇవతలో, అవతలో. జర్మనీలోనైతే రెండేళ్ల బాండ్ల రాబడి ఏళ్ల తరబడి సున్నా కంటే కిందే ఉంది. అప్పిచ్చినవాడే అదనంగా చదివించుకోవడం అన్నమాట. ఇక ద్రవ్యోల్బణం చాప కింద నీరు. 2022 జూన్‌లో అమెరికాలో అది 9.1 శాతం. అప్పుడు మన ఫండ్ గ్రాఫ్ పైకి పాకుతుంటే చప్పట్లు కొట్టేవాడికి కింద తడి తగలదు.

"ఎంతైనా ప్రభుత్వం కదండీ, ఎగ్గొడుతుందా?" అని అడుగుతారు. ఏ ప్రభుత్వం అన్నది చూడాలి. 1998 ఆగస్టు 17న రష్యా తన స్వల్పకాలిక బాండ్ల చెల్లింపులు ఆపేసింది. కాలం స్వల్పమే, కష్టం మాత్రం దీర్ఘమైంది. అమెరికా సంగతి వేరు, అక్కడ ఎగవేత కూడా ఆఫీసు పద్ధతిలోనే జరుగుతుంది. 1979 వసంతంలో కొందరు చిన్న మదుపరులకు గడువు తీరిన బిల్లుల డబ్బు ఆలస్యంగా అందింది. ప్రభుత్వం ఎంత వరకు అప్పు చేయొచ్చో చెప్పే రుణ పరిమితి పెంపు ఆఖరి నిమిషం దాకా నానింది, పైగా చెక్కులు తయారుచేసే వర్డ్ ప్రాసెసింగ్ యంత్రాలు మొరాయించాయి. ప్రపంచంలోకెల్లా భద్రమైన అప్పుకు గండం వచ్చింది యుద్ధంతో కాదు, టైపింగ్ మెషీన్‌తో! 2023 మే నెలలో రుణ పరిమితి గొడవ మళ్లీ ముదిరినప్పుడు, జూన్ తొలి రోజుల్లో గడువు తీరే బిల్లులను జనం భయపడి చవగ్గా అమ్మేయడంతో, వాటిని కొన్నవాళ్లకు దక్కే రాబడి 7 శాతం దాటింది. పేచీ తీరాక అందరికీ డబ్బు అందింది. అంటే, భయపడి అమ్మినవాళ్ల కాగితాలు కొన్నవాళ్లకు. నాలాంటివాళ్లు ఏ వైపు ఉండి ఉంటారో చెప్పనక్కర్లేదు కదా.

ఇన్ని గండాలున్నా నా యూనిట్లు అలాగే ఉన్నాయి. పెట్టుబడి వదులుకునేంత ధైర్యం నాకు లేదు, చూడకుండా ఉండేంత నిబ్బరమూ లేదు. రేపు మళ్లీ డివిడెండ్ తేదీ. ఫోన్ ఇప్పుడే అల్మారా నెత్తిన పెట్టాను, స్టూలు పక్కింటివాళ్లకు ఇచ్చి వచ్చాను.