ఫాంటమ్‌ని పాడుచేసింది మెకాయ్ కాదు

పత్రికల్లో వచ్చే బొమ్మల కథల స్ట్రిప్ 'ఫాంటమ్' అభిమానులు నలుగురు ఒకచోట చేరితే ఈ ప్రశ్న రాక మానదు: ఇన్నేళ్ల స్ట్రిప్‌లో అందరికంటే బలహీనమైన చిత్రకారుడు ఎవరు? జవాబు కూడా దాదాపు ఖాయమే. విల్సన్ మెకాయ్. ఆయన్ని తిట్టడం అయ్యాక 1994 తర్వాత బొమ్మలేసిన వాళ్లని కూడా తీసుకొచ్చి ఆ వరుసలోనే నిలబెడతారు. రెండు తీర్పులూ తప్పే. మొదటిది సరిగ్గా చదవకపోవడం వల్ల వచ్చిన తప్పు. రెండోది ఒక మనిషికి చేసిన అన్యాయం.

1936 ఫిబ్రవరి 17న రచయిత లీ ఫాక్ మొదలుపెట్టిన ఈ స్ట్రిప్‌కి రే మూర్, మెకాయ్, సై బ్యారీ వరుసగా బొమ్మలు గీసిన సంగతి అభిమానులకి మళ్లీ చెప్పనక్కర్లేదు. మూర్ బలం నీడల్లో ఉంది. రాత్రి, చిక్కటి నలుపు, ఆ నలుపులోంచి సగం మాత్రమే బయటపడే ముసుగు మనిషి. బ్యారీ బలం శరీరంలో ఉంది. కండరాలు, దుస్తుల ముడతలు, అడవి దట్టం అన్నీ నిజంగా ఎదురుగా ఉన్నట్టు గీశాడు. ఈ ఇద్దరి మధ్య ఇరుక్కున్నాడు మెకాయ్. లావుపాటి గీత, చదునైన బొమ్మ, వెనకాల నాలుగైదు గీతలతో తేల్చేసిన అడవి. ముందు మూర్‌ని, తర్వాత బ్యారీని చూసిన కంటికి ఇది వెలితిగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

మెకాయ్ మీద ఉన్న ఫిర్యాదులో నిజం లేదని నేను అనను. మనుషులు బిగుసుకుపోయి నిలబడతారు. ఆడవాళ్ల ముఖాలు చాలావరకు ఒకేలా ఉంటాయి. గుర్రం పరుగెత్తుతుంటే ఆ కాళ్లలో ప్రాణం కనిపించదు. శరీర నిర్మాణం తెలిసిన చిత్రకారుడు ఇలా గీయడని అంటారు. సరే, ఒప్పుకుందాం. కానీ ఈ లోపాలన్నీ ఒక్కో ప్యానెల్‌ని కత్తిరించి, పెద్దది చేసి, బ్యారీ ప్యానెల్ పక్కన పెట్టినప్పుడు కనిపించేవి. రోజువారీ స్ట్రిప్‌ని అలా చదవడానికి గీయలేదు.

రోజువారీ స్ట్రిప్ అంటే ఏమిటో ఒకసారి చూడండి. పత్రికలో కొన్ని కాలమ్‌ల వెడల్పు, మహా అయితే మూడు నాలుగు ప్యానెళ్లు. మొదటి ప్యానెల్ నిన్న ఎక్కడ ఆగామో గుర్తుచేయాలి. మధ్యలో కథ ఒక అడుగు కదలాలి. చివరి ప్యానెల్ రేపటి పేపర్ కోసం ఎదురుచూసేలా చేయాలి. ఇదంతా చవక కాగితం మీద, సిరా పాకిపోయే అచ్చులో జరగాలి. పైగా రెండో ప్రపంచ యుద్ధకాలంలో న్యూస్‌ప్రింట్ కొరత వచ్చి పత్రికలు స్ట్రిప్‌ల సైజు తగ్గించాయి. ఆ తర్వాత కూడా ఆ సైజు తగ్గుతూనే పోయింది. సన్నటి గీతలు, గీతలు అల్లి వేసిన నీడలు అలాంటి అచ్చులో ముద్దలైపోతాయి. మెకాయ్ గీత మాత్రం చెడదు.

మెకాయ్ ప్యానెల్‌లో కన్ను ఎక్కడా తడబడదు. మాట్లాడేది ఎవరు, వినేది ఎవరు, తుపాకీ ఎవరి చేతిలో ఉంది, తలుపు ఎటువైపు ఉంది అన్నది చూడగానే తెలుస్తుంది. అనవసరమైన గీత ఒక్కటీ ఉండదు. ఇది చేతకానితనం అనేవాళ్లు ఒక పని చేయండి. మాటల బుడగలు మూసేసి మెకాయ్ స్ట్రిప్‌లు ఒక వారానివి వరసగా చూడండి. కథ అర్థమవుతుంది. ఇదే పని బ్యారీ దగ్గర చేస్తే అన్నిసార్లూ అర్థం కాదు. గీత అందం వేరు, కథ నడిపే నేర్పు వేరు. స్ట్రిప్‌కి రెండోది లేకపోతే మొదటిది ఎంత ఉన్నా దండగ.

ఇంకో సంగతి కూడా ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఫాంటమ్ ముసుగులో కనుపాపలు ఉండవు. గ్రీకు శిల్పాల కళ్లు చూసి తనకి ఆ ఆలోచన వచ్చిందని ఫాక్ చెప్పుకున్నాడు. గొప్ప ఆలోచనే. కానీ చిత్రకారుడికి అది పెద్ద చిక్కు. కథానాయకుడి కళ్లలో కోపం చూపించలేడు, జాలి చూపించలేడు, సందేహం చూపించలేడు. మూర్ దీన్ని నీడతో దాటాడు. బ్యారీ శరీరపు విరుపుతో, చూసే కోణం మార్చి దాటాడు. మెకాయ్ ఫాంటమ్‌ని కదలకుండా నిలబెట్టి, చుట్టూ ఉన్న వాళ్లని కదిలించాడు. భయపడేది దొంగ, ఆశ్చర్యపోయేది పిల్లవాడు, నవ్వేది ఫాంటమ్ అడవిలోని బందర్ తెగ మనిషి. మధ్యలో ముసుగు మనిషి స్థిరంగా ఉంటాడు. ఫాంటమ్ చావులేని మనిషి అని కథలో జనం పెట్టుకున్న నమ్మకం ఆ స్థిరత్వం లోంచే వస్తుంది. అభిమానులు బిగుసుకుపోవడం అంటున్నదాంట్లో చాలా భాగం ఇదే.

మన దేశంలో ఈ అపవాదుకి మరో కారణం తోడైంది. 1964 మార్చిలో ఫాంటమ్ కథలని పుస్తకాలుగా వేసిన ఇంద్రజాల్ కామిక్స్ మొదలైనప్పుడు ఇక్కడి పాఠకుడికి మొదట దొరికింది మెకాయ్ ఫాంటమే. పుస్తకం పేజీల్లో ఇమడ్చడానికి ఆ తొలి సంచికల్లో ప్యానెళ్లు కోశారు, అమరిక మార్చారు, పేపర్ కోసం నలుపు తెలుపులో గీసిన బొమ్మలకి రంగులు పూశారు. ఆ కోతని, ఆ రంగుని మెకాయ్ ఖాతాలో వేసిన పాఠకులు ఎంతమందో!

ఇక అసలు విషయానికి వస్తాను. 1994లో సై బ్యారీ రిటైరయ్యాడు. మొదట పెన్సిల్‌తో బొమ్మ గీసే పని జార్జ్ ఓల్సెన్‌ది, రోజువారీ స్ట్రిప్‌లో ఆ పెన్సిల్ మీద సిరాతో గీసే ఇంక్ పని కీత్ విలియమ్స్‌ది అయింది. 'బ్యారీ పోయాక బొమ్మలు పడిపోయాయి' అన్న మాట అప్పటి నుంచి అభిమానుల నోట నానుతూనే ఉంది. బలహీన చిత్రకారుల జాబితాలో ఓల్సెన్ పేరు అలాగే చేరింది. కానీ ఓల్సెన్ ఆ ఏడాది కొత్తగా వచ్చినవాడు కాదు. అరవైల నుంచీ బ్యారీ దగ్గర ఫాంటమ్‌కి పెన్సిల్ బొమ్మలు గీసింది ఆయనే. మనం తలకెత్తుకున్న 'బ్యారీ కాలం'లో, 1977లో ఫాంటమ్‌కి డయానాతో పెళ్లి, 1979లో కవలలు కిట్, హెలోయిస్ పుట్టుక జరిగిన ఆ ఏళ్లలో, పనిచేసిన చెయ్యి అది. బ్యారీ సంతకం కింద ఉన్నంతకాలం ఆ చెయ్యి అద్భుతం. తన సొంత పేరు పడగానే అదే చెయ్యి బలహీనమైపోయింది!

ఇంకింగే బొమ్మకి ప్రాణం, ఆ ప్రాణం బ్యారీది అని ఎవరైనా అంటే కాదనను. బ్యారీ బ్రష్ గొప్పది. అయితే అదే మాట చెప్పండి: ఇంక్ మారింది, బ్రష్ మారింది అనండి. పెన్సిల్ మనిషిని పట్టుకుని పనికిరానివాడు అనడం దేనికి? బొమ్మని చూసి కాకుండా కింద ఉన్న పేరుని చూసి తీర్పు చెబుతున్నామనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఫాంటమ్ ఒక్కటే కాదు, కామిక్ ప్రపంచమంతా ఇలాగే నడిచింది. పైన ఒక పేరు, కింద పేరు లేని చేతులు. ఆల్ కాప్ పేరుతో వచ్చిన 'లిల్ ఆబ్నర్'కి యాభైల్లో ఫ్రాంక్ ఫ్రజెట్టా బొమ్మలు గీశాడు, పాఠకుడికి ఆ పేరే కనిపించలేదు. బ్యాట్‌మ్యాన్ బాబ్ కేన్ ఒక్కడి సృష్టి అని దశాబ్దాల పాటు అచ్చువేశారు. బిల్ ఫింగర్ పేరు అధికారికంగా పక్కన చేరేసరికి 2015 వచ్చింది, అప్పటికి ఫింగర్ పోయి నలభై ఏళ్లు దాటింది. ఫాంటమ్ లెక్కే చూడండి: వారానికి ఆరు రోజువారీ స్ట్రిప్‌లు, ఆదివారం ఒక రంగుల పేజీ, రెండింట్లో వేర్వేరు కథలు. ఏడాదికి 360కి పైగా స్ట్రిప్‌లు. ఒక్క మనిషి చేత్తో ఇది దశాబ్దాలు సాగడం చాలా అరుదు. స్ట్రిప్‌లని పత్రికలకి అమ్మే సిండికేట్‌కి ఆ సంగతి తెలుసు. తెలిసీ ఒక్క పేరే అమ్మింది, ఎందుకంటే అమ్మడానికి ఒక్క పేరు సులువు.

సిండికేట్ చేసింది వ్యాపారం. అభిమానులు కూడా అదే లెక్క పట్టుకుని కూర్చోవడమే నాకు మింగుడుపడదు. 1961లో మెకాయ్ చనిపోతే, బ్యారీ వచ్చేదాకా స్ట్రిప్ ఆగకుండా చూసినవాడు బిల్ లిగ్నాంటే. డెడ్‌లైన్ మెడ మీద ఉండగా ఇంకొకరి శైలిలో గీయాల్సి వచ్చిన మనిషి. ఆ కొద్దికాలపు పని చూపించి ఆయన్నీ చెత్త చిత్రకారుల్లో కలిపేస్తారు. ఆ పరిస్థితుల్లో స్ట్రిప్ ఒక్కరోజు కూడా ఆగకుండా నడిపించడం చిన్న విషయమా? సంతకాల వెనక ఉన్న అసలు చేతులని వెతికి బయటపెట్టిన వాళ్లలో అభిమానులే ముందున్నారు. ఓల్సెన్ పేరు, లిగ్నాంటే పేరు మనకి తెలిశాయంటే అది వాళ్ల కష్టమే. అంత తెలిసినవాళ్లు తీర్పు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ సంతకం దగ్గరే ఆగిపోతున్నారు.

కాబట్టి ఫాంటమ్ చిత్రకారుల జాబితా ఎవరు రాసినా, బ్యారీ పేరు పక్కనే ఓల్సెన్ పేరు రాయండి. ఆ తర్వాతే బలహీనుడు ఎవరని అడగండి. డెబ్బైల్లో వచ్చిన ఒక వారం స్ట్రిప్‌లు, 1995లో వచ్చిన ఒక వారం స్ట్రిప్‌లు పక్కపక్కన పెట్టండి. పెన్సిల్ ఎక్కడ పడిపోయిందో, బ్రష్ ఎక్కడ మారిందో విడివిడిగా వేలుపెట్టి చూపించండి. అలా చూపించగలిగితే ఓల్సెన్ బలహీనుడే అని నేనూ ఒప్పుకుంటాను.