కత్తెర పట్టినా పువ్వు పువ్వే

కడియపులంక పూల మార్కెట్టు ఉన్న గోదావరి సీమ నుంచి వచ్చినవాళ్ళం. అయినా ఈ పరాయి దేశంలో మన తెలుగు సంఘం సంక్రాంతి సంబరాలకి హాలు గుమ్మానికి ప్లాస్టిక్ బంతి దండలే కడతాం. ఏడాదంతా ఎవరో ఒకరి గరాజ్‌లో అట్టపెట్టెలో మగ్గి, జనవరికి దుమ్ము దులుపుకుని బయటికొస్తాయవి. మంచు కురిసే నెలలో తాజా బంతిపూలు ఎక్కడివంటారు, నిజమే. కాగితం దొరుకుతుందిగా? పిల్లలతో పూలు చేయిద్దామంటే మాత్రం రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. 'ఒరిగామి (కాగితం మడిచి బొమ్మలు చేసే కళ) జపాన్ వాళ్ళది, మనకెందుకు' అని కొందరు. 'అసలు అదీ మన దగ్గర్నుంచే వెళ్ళింది' అని ఇంకొందరు. ఈ రెండోదైతే మన సంఘాలకి పట్టిన జబ్బు.

జపాన్‌ది జపాన్‌కే ఇద్దాం. 610లో కొరియా నుంచి వచ్చిన దోంచో అనే బౌద్ధ సన్యాసికి కాగితం చేయడం తెలుసని వాళ్ళ పాత చరిత్ర గ్రంథం చెబుతుంది. సరదాకి కాగితం మడిచే పుస్తకాల్లో ఇప్పటికి దొరికిన అతి పాతది 1797లో అక్కడే అచ్చయింది, అన్నీ కొంగలే. అయితే అందులో కాగితానికి గాట్లు పెట్టి, ఒకే షీటులో ఒకదానికొకటి అతుక్కున్న కొంగల్ని మడుస్తారు. అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందు చైనాలోని దున్‌హువాంగ్ గుహల్లో పెట్టిన కాగితపు పూలు ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అవి కత్తిరించి, పొర మీద పొర అతికించినవి. ఒకే చదరం, కత్తెర వద్దు, జిగురు వద్దు అనే మడి గట్టిపడింది 20వ శతాబ్దంలోనే. కాబట్టి శ్రీరామనవమి పందిట్లో మైదా ఉడికించి, రంగు కాగితాలు కత్తిరించి, పురికొసకి అంటించిన మన కుర్రాళ్ళ పని తక్కువదేం కాదు.

ఇక మడత సంగతంటారా, డెల్టాలో పుట్టినవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. కొబ్బరాకుతో బూర, చేతి వాచీ చేయని పిల్లలున్నారా? ఇడ్లీ పిండిని ఆకుబుట్టలో ఉడికించే అంబాజీపేట పొట్టిక్కల బుట్ట చూడండి. నాలుగు పనసాకుల్ని పుల్లలతో కుట్టేస్తే పిండి పోసే గిన్నె తయారు. ఆత్రేయపురంలో బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి పైన ఒక్కసారి లాగితే రేకు లేచొస్తుంది. 2023లో ఆ పూతరేకులకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. ఎండు రేకు ముట్టుకుంటే విరుగుతుంది. తడిగుడ్డ తగిలించి మెత్తబడ్డాక నెయ్యి, బెల్లం వేసి మడుస్తారు. జపాన్‌లో ఒరిగామి కళాకారుడు అకిరా యోషిజావా (1911–2005) మందపాటి కాగితాన్ని కాస్త తడిపి మడిచి, ఆరాక వంపు నిలిచేలా చేశాడు. ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారని నేననను. పెళుసుదాన్ని మడవాలంటే నీళ్ళు కావాలని రెండుచోట్లా చేతులకి తెలిసింది, అంతే.

మన పిల్లలకి తప్పక చెప్పాల్సిన పేరు మాత్రం ఒకటుంది. గోదావరి జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, ఆ ప్రెసిడెన్సీలో డిప్యూటీ కలెక్టరుగా చేసిన టి. సుందరరావు 1893లో కాగితం మడతలతో జ్యామితి నేర్పే పుస్తకం ఇంగ్లీషులో అచ్చు వేయించాడు. జర్మనీలో ఫ్రోబెల్ మొదలుపెట్టిన కిండర్‌గార్టెన్ ఆటల్లోని కాగితం మడతలు చూసి వచ్చిన ఆలోచన అది. జర్మన్ గణితవేత్త ఫీలిక్స్ క్లైన్ దాన్ని ప్రస్తావించాక, 1901లో షికాగోలోనూ అచ్చయింది. అందులో పూలుండవు. కానీ చదరం నుంచి పంచభుజి తీయడం ఉంది. అయిదు రేకుల నందివర్ధనం మడవాలనుకునేవాడికి మొదట కావాల్సింది అదే. గులాబీ మడతతో పేరు తెచ్చుకున్న తోషికాజు కవసాకి కూడా లెక్కల మనిషే. (సుందరరావు మనవాడా, పక్కవాళ్ళవాడా అని వాట్సాప్ గ్రూపులో పంచాయితీ మొదలెట్టకండి బాబూ.)

కార్యవర్గం వారికి నా విన్నపం చిన్నది. ఈసారి ముగ్గుల పోటీ పక్కనే ఒక బల్ల వేయండి. నారింజ, పసుపు రంగు టిష్యూ కాగితం, దారం, నాలుగు కుర్చీలు చాలు. ఇండియా నుంచి వచ్చి వీసా గడువు లెక్కపెట్టుకుంటూ ఇంట్లో కూర్చున్న అమ్మమ్మల్ని అక్కడ కూర్చోబెట్టండి. వాళ్ళకి స్టేజీ మీద శాలువా కన్నా ఈ పనే ఎక్కువ నచ్చుతుంది. దీనికి మళ్ళీ సీనియర్స్, జూనియర్స్ అంటూ బహుమతులు పెట్టొద్దు. గ్లూ స్టిక్ తెచ్చుకున్న పిల్లని వెనక్కి పంపొద్దు.